తెల్లముక్కు జబ్బు: ఏ గబ్బిలాలు పోయాయి, ఏవి మిగిలాయి, ఎందుకు

గబ్బిలం, జబ్బు అన్న రెండు మాటలు పక్కపక్కన కనబడగానే మనవాళ్లకు గుర్తొచ్చేది 2018లో కోజికోడ్‌ను వణికించిన నిపా. అందులో గబ్బిలం వైరస్‌ను మోసేది, మంచం పట్టేది మనిషి. ఉత్తర అమెరికాలో రెండు దశాబ్దాలుగా జరుగుతున్నది దానికి పూర్తిగా అడ్డం తిరిగిన వ్యవహారం. అక్కడ రోగి గబ్బిలమే. జబ్బు తెచ్చేది ఒక బూజు. 20 డిగ్రీల సెల్సియస్ దాటితే అది పెరగలేదు కాబట్టి 37 డిగ్రీల మనిషి ఒంటిని ఏమీ చేయలేదు. చల్లటి గుహలో నిద్రపోతున్న గబ్బిలాన్ని మాత్రం చంపేస్తుంది.

2006 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని స్కొహారీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది), హౌ గుహలో తీసిన ఫొటోల్లో గబ్బిలాల ముక్కుల మీద తెల్లటి పొడిలాంటిది కనిపించింది. ఆ మరుసటి చలికాలం రాష్ట్ర రాజధాని ఆల్బనీ చుట్టుపక్కల గుహల్లో గబ్బిలాలు కుప్పలుగా చచ్చి పడి ఉండడం జీవశాస్త్రవేత్తల కంటపడింది. దానికి వైట్ నోజ్ సిండ్రోమ్ అన్న పేరు స్థిరపడింది. 2012 నాటికి చనిపోయిన గబ్బిలాలు 57 లక్షల నుంచి 67 లక్షల దాకా ఉంటాయని అమెరికా వన్యప్రాణి శాఖ అంచనా వేసింది.

ఈ అంకె ఘోరమైనదే. కానీ దాని దగ్గరే ఆగిపోతే అసలు సంగతి తెలియదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవి మొత్తం 9 జాతుల గబ్బిలాలు. ఆరు జాతులు చలికాలం గుహల్లో, పాత గనుల్లో, కొన్ని ఇళ్ల గోడల్లో నిద్రపోతాయి. లిటిల్ బ్రౌన్, నార్తర్న్ లాంగ్ ఇయర్డ్, ఇండియానా, స్మాల్ ఫుటెడ్, ట్రైకలర్డ్, బిగ్ బ్రౌన్ అన్నవి ఆ ఆరు. మిగతా మూడు, అంటే హోరీ, ఈస్టర్న్ రెడ్, సిల్వర్ హెయిర్డ్, చెట్ల మీద బతికేవి. చలి మొదలవగానే దక్షిణానికి వలస పోతాయి. వేసవిలో ఈ తొమ్మిదీ ఒకే చెరువు మీద, ఒకే అడవి అంచున కలిసి వేటాడతాయి. చలికాలం వచ్చేసరికి ఎవరి పడక వారిది. తెల్లముక్కు జబ్బు ఆ పడకను చూసి ఎంచుకుంది. ఇవాళ అక్కడి వేసవి ఆకాశంలో ఏ గబ్బిలం ఎగురుతోంది, ఏది కనబడడం లేదు అన్నదానికి జవాబు చాలావరకు చలికాలం గుహలోనే దొరుకుతుంది.

రెండు గ్రాముల కొవ్వుతో ఆరు నెలలు

లిటిల్ బ్రౌన్ గబ్బిలం శరత్కాలం చివర 8, 9 గ్రాములు తూగుతుంది. అందులో కొవ్వు దాదాపు 2 గ్రాములు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక్క పురుగూ దొరకదు కాబట్టి ఈ రెండు గ్రాములే దాని ఆస్తి. అందుకే ఒంటి వేడిని గుహలోని చల్లదనం దాకా దించేసుకుని పడుకుంటుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని శీతాకాల సుప్తావస్థ అంటాయి.

ఈ చలినిద్ర ఏకధాటిగా సాగదు. సుమారు రెండు వారాలకొకసారి గబ్బిలం ఒళ్లు వేడెక్కించుకుని లేస్తుంది. నీళ్లు తాగుతుంది, మూత్రం పోస్తుంది, కాస్త కదిలి మళ్లీ పడుకుంటుంది. మెలకువ ఒకటి రెండు గంటలే. అయినా చలికాలం మొత్తం ఖర్చయ్యే కొవ్వులో 80 శాతానికి పైగా ఈ మెలకువలకే పోతుంది. చల్లబడ్డ ఒంటిని మళ్లీ మామూలు వేడికి తేవడానికి అంత ఇంధనం కావాలి మరి.

ఇప్పుడు బూజు ఏం చేస్తుందో చూడండి. దాని శాస్త్రీయ నామం సూడోజిమ్నోఆస్కస్ డిస్ట్రక్టన్స్. 12.5 నుంచి 15.8 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. గుహల్లో ఉండే 5, 10 డిగ్రీల్లో కూడా నెమ్మదిగా పెరుగుతుంది. ముక్కు మీద తెల్లగా కనబడేది పైపై లక్షణం. అసలు దెబ్బ తగిలేది రెక్కలకి. వెంట్రుకల్లేని ఆ పలుచటి పొరలోకి బూజు పోగులు దిగి చిన్న చిన్న గుంటలు తవ్వినట్టు కణజాలాన్ని తినేస్తాయి. రెక్కల పొర గుండా నీరు, లవణాలు పోతాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఆమ్లత పెరుగుతుంది. రోగం పైకి కనబడకముందే జబ్బు సోకిన గబ్బిలం ఆరోగ్యంగా ఉన్నదానికంటే రెట్టింపు శక్తి ఖర్చు చేస్తోందని 2014లో ప్రయోగశాలలో తేలింది. జబ్బు ముదిరేకొద్దీ మెలకువకీ మెలకువకీ మధ్య ఎడం సగానికి పడిపోతుంది.

లెక్క చాలా తేలిక. 180 రోజుల చలికాలంలో 15 రోజులకొకసారి లేస్తే 12 మెలకువలు. ఏడెనిమిది రోజులకే లేస్తుంటే 24. కొవ్వు మాత్రం పన్నెండింటికే సరిపడా ఉంది. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి అది అయిపోతుంది. ఆకలితో, దాహంతో గబ్బిలాలు పట్టపగలు మంచులోకి ఎగిరి వచ్చి రాలిపోతాయి. ఆ రోజుల్లో వాటిని చూసినవాళ్లకు ముందుగా అనుమానం తెప్పించింది ఇదే: నడిచలికాలంలో, పగటి వెలుతురులో గబ్బిలం ఎగరడం.

నిద్రలో రోగనిరోధక వ్యవస్థ కూడా దాదాపు ఆగిపోతుంది కాబట్టి బూజుకి అడ్డు ఉండదు. వసంతం దాకా ఎలాగో ప్రాణం నిలబెట్టుకున్న గబ్బిలం కళ్లు తెరవగానే ఆ వ్యవస్థ ఒక్కపెట్టున మేలుకుని రెక్కల మీద విరుచుకుపడుతుంది. పొర కుళ్లి చిల్లులు పడుతుంది. అదే సమయానికి ఆడ గబ్బిలం కడుపుతో ఉంటుంది, చినిగిన రెక్కలతోనే వేటాడాలి. ఒక్కసారి వేసవి ఎండ తగిలి ఒళ్లు వేడిగా ఉండడం మొదలయ్యాక బూజు చచ్చిపోతుంది, కొన్ని వారాల్లో రెక్కలు మానుతాయి. అయితే ఆగస్టు, సెప్టెంబరుల్లో జత కట్టడానికి గబ్బిలాలు మళ్లీ గుహల ముఖద్వారాల దగ్గర గుంపులు గుంపులుగా చేరతాయి. గుహ గోడల మీద బూజుకి విత్తనాల్లాంటి సిద్ధబీజాలు కాచుకునే ఉంటాయి. గబ్బిలం ఒక్కటీ లేని గుహలో కూడా అవి ఏళ్ల తరబడి బతకగలవు. రోగితో పాటు పోయే రోగం కాదిది. ఇల్లు ఖాళీ అయినా అది ఇంట్లోనే ఉంటుంది.

ఒకే గుహ, వేర్వేరు గతులు

జబ్బు అందరికీ ఒకేలా రాలేదు. అమెరికాలోని 27 రాష్ట్రాల్లో, కెనడాలోని 2 ప్రావిన్సుల్లో 200కు పైగా చలికాలపు స్థావరాల లెక్కలు కలిపి చూసిన అధ్యయనం 2021లో వచ్చింది. నార్తర్న్ లాంగ్ ఇయర్డ్, లిటిల్ బ్రౌన్, ట్రైకలర్డ్ అనే మూడు జాతులు పదేళ్లలోపే 90 శాతానికి పైగా తరిగిపోయాయని అందులో తేలింది. ఇండియానా కూడా గట్టిగా దెబ్బతింది. బిగ్ బ్రౌన్ తగ్గింది గానీ నిలదొక్కుకుంది. న్యూయార్క్‌లో ఉండని జాతుల్లో, గ్రే బ్యాట్‌కు జబ్బు సోకినా పెద్దగా చావులు లేవు. వర్జీనియా బిగ్ ఇయర్డ్ ఒంటి మీద బూజు దొరికింది గానీ జబ్బు రాలేదు. చెట్ల గబ్బిలాలు మూడూ గుహల జోలికి పెద్దగా పోవు కాబట్టి ఈ జబ్బుకు చెక్కుచెదరలేదు.

తేడా ఎక్కడుందంటే, ట్రైకలర్డ్ గబ్బిలాన్ని తీసుకోండి. గుహలో బాగా లోపల, కాస్త వెచ్చగా, గాలి తడితడిగా ఉండే చోటు దానికి ఇష్టం. నిద్రలో దాని వెంట్రుకల మీద మంచుబిందువులు మెరుస్తూ కనబడతాయి. అదే తడి, అదే వెచ్చదనం బూజుకి కూడా ఇష్టం. ఒంటరిగా పడుకునే అలవాటు దాన్ని కాపాడలేకపోయింది. దీనికి పూర్తిగా వ్యతిరేకం బిగ్ బ్రౌన్. బరువు లిటిల్ బ్రౌన్‌కు రెండింతలు, అంటే కొవ్వు నిల్వ ఎక్కువ. అది గుహ ముఖద్వారానికి దగ్గరగా, పొడిగా, గడ్డకట్టేంత చల్లగా ఉండే చోట పడుకుంటుంది. చాలాసార్లు గుహకే పోకుండా ఇళ్ల గోడల్లో చలికాలం గడిపేస్తుంది. అక్కడ బూజు పెద్దగా ఎదగలేదు.

నార్తర్న్ లాంగ్ ఇయర్డ్ విషయం ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఇదీ గుంపుగా పడుకోదు, రాతి పగుళ్లలో విడివిడిగా దూరుతుంది. తోటివాటిని తాకని జీవికి అంటువ్యాధి అంత ఎక్కువగా ఎలా సోకింది? విస్కాన్సిన్, మిషిగన్ గనుల్లో పరిశోధకులు కొన్ని గబ్బిలాల మీద అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగుపొడి చల్లి, ఆ రంగు ఎవరెవరి ఒంటి మీద తేలుతుందో చూశారు. 2018లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం, పక్కపక్కన పడుకున్నవాటి మధ్యే కాదు, వేర్వేరు గుంపుల, వేర్వేరు జాతుల మధ్య కూడా కంటికి కనబడని రాకపోకలు చాలా ఉన్నాయి. మెలకువ వచ్చినప్పుడు ఒక గబ్బిలం పాకిన రాతి మీద మరొకటి పాకుతుంది. అంతే చాలు. సముదాయంలో వేలసంఖ్యలో ఉండే లిటిల్ బ్రౌన్ బూజును పెంచి పోషిస్తే, పక్కన పదుల్లో ఉండే అరుదైన జాతి దానికి బలవుతుంది. మామూలుగా రోగి సంఖ్య తగ్గితే అంటువ్యాధి కూడా నెమ్మదిస్తుంది. ఇక్కడ రోగం రాతిలోనూ, పొరుగు జాతిలోనూ నిల్వ ఉంది కాబట్టి చివరి పది గబ్బిలాలకు కూడా రక్షణ లేకుండా పోయింది. నార్తర్న్ లాంగ్ ఇయర్డ్ తన పాత స్థావరాల్లో 69 శాతం చోట్ల పూర్తిగా మాయమైందని 2015 నాటి అధ్యయనం చెప్పింది. 2022 నవంబరులో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. కెనడా ఆ జాతితో పాటు లిటిల్ బ్రౌన్‌ను, ట్రైకలర్డ్‌ను 2014లోనే ఆ జాబితాలో చేర్చింది.

ఆ జాతి ఇంకా కాస్త మిగిలిన చోట్లు చూస్తే చలికాలపు పడక మాట మరింత గట్టిపడుతుంది. లాంగ్ ఐలండ్, మార్తాస్ విన్యార్డ్, నాన్‌టకెట్ దీవులు, ఉత్తర కెరొలైనా తీరం. అన్నీ సముద్రపు ఒడ్డులే. అక్కడ చలికాలం చిన్నది, పెద్ద గుహలు లేవు. కొన్ని గబ్బిలాలు ఇళ్ల నేలకింది ఖాళీల్లోనే నిద్ర కానిస్తాయి.

ఏళ్లు గడిచేకొద్దీ

ఒక గుహలో ఈ జబ్బు నడక దాదాపు ఒక వరసలో సాగుతుంది. బూజు కొత్తగా వచ్చిన మొదటి చలికాలం చాలాచోట్ల పెద్ద తేడా కనబడదు. అప్పటికి కొన్ని గబ్బిలాల మీదే ఉంటుంది, అదీ చలికాలం చివర్లో. కానీ ఆ కొద్దిపాటి గబ్బిలాలే గోడలకి బూజు పూసిపోతాయి. రెండో ఏడు శరత్కాలంలో గుహకి చేరిన ప్రతి గబ్బిలానికీ ముందే అంటుకుంటుంది. నవంబరులోనే అంటుకుంటే బూజు ఎదగడానికి అయిదు నెలలు దొరికినట్టే. కూలిపోవడం అప్పుడు మొదలవుతుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో లిటిల్ బ్రౌన్ గబ్బిలాల స్థావరాలు ఒక్కో ఏడాదికి 30 నుంచి 99 శాతం దాకా, సగటున 73 శాతం కోల్పోయాయని 2010లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఇదే సాగితే 16 ఏళ్లలో ఆ జాతి అక్కడ పూర్తిగా పోయే అవకాశం 99 శాతం అని కూడా హెచ్చరించింది.

ఆ జోస్యం నిజం కాలేదు. అది తప్పు లెక్క అని కాదు, మధ్యలో గబ్బిలాల తీరు మారింది. ముందు లిటిల్ బ్రౌన్ గబ్బిలాలు ఒకదాన్నొకటి ఆనుకుని గుత్తులుగా వేలాడేవి. ఒంటరిగా పడుకునేవి నూటికి ఒకటి. జబ్బు వచ్చిన కొన్నేళ్లకు ఒంటరిగా పడుకునేవి నూటికి నలభై దాటాయని 2012లో న్యూయార్క్ చుట్టుపక్కల గుహల పరిశీలనలో తేలింది. చల్లగా, పొడిగా ఉన్న గుహల్లో తరుగుదల తక్కువగా ఉందని కూడా ఆ పనిలోనే బయటపడింది. నాలుగైదేళ్ల తరువాత కొన్ని చోట్ల పతనం ఆగింది. న్యూయార్క్‌లోని ఫోర్ట్ డ్రమ్ సైనిక స్థావరంలో ఏటా పిల్లలు పెట్టే లిటిల్ బ్రౌన్ గుంపు బాగా తగ్గి కూడా చెదిరిపోకుండా నిలిచింది.

ఇంకొక పోలిక ఆలోచింపజేస్తుంది. ఈ బూజు ఐరోపాలో, ఆసియాలో చాలాకాలంగా ఉంది. అక్కడి గబ్బిలాల ముక్కుల మీద కూడా కనబడుతుంది, కానీ గుట్టలుగా చావులు లేవు. అమెరికాకు అది ఐరోపా వైపు నుంచే వచ్చిందని జన్యు ఆధారాలు చెబుతున్నాయి. జబ్బు రాకముందు అమెరికాలో ఒక్కో గుహలో ఉండే గబ్బిలాల గుంపు, ఐరోపాలో అలాంటి జాతి గుంపుకంటే దాదాపు పదింతలు పెద్దది. జబ్బు వచ్చాక అమెరికా గుంపులు పదోవంతుకి పడిపోయి ఐరోపా గుంపులతో సమానమయ్యాయి. ఐరోపాలో కూడా ఎప్పుడో, లెక్కలు రాసేవాళ్లెవరూ లేని కాలంలో, ఇలాంటిదే జరిగి ఉండొచ్చని అనిపించడం సహజం. అలా అయితే మనం ఇప్పుడు చూస్తున్న చిన్న గుంపులే రాబోయే కాలానికి మామూలు సంఖ్య కావచ్చు.

ఖాళీ అయిన వేళలోకి ఎవరు వచ్చారు

గుహలో జరిగింది వేసవి ఆకాశంలో ఎలా తెలుస్తుంది? ఒకే చోట వేటాడే జాతులు వేళను, చోటును పంచుకుంటాయి. లిటిల్ బ్రౌన్ పొద్దుగుంకగానే నీటి మీదికి దిగి, నీళ్లలోంచి రెక్కలు కట్టుకుని లేచే చిన్న పురుగులను ఏరుకుంటుంది. ఈస్టర్న్ రెడ్ ఎక్కువగా మాత్ అనే రెక్కల పురుగులను పడుతుంది. బిగ్ బ్రౌన్‌కు గట్టి పెంకు పురుగులను నమిలే దవడ ఉంది. నార్తర్న్ లాంగ్ ఇయర్డ్ చెట్ల గుబుర్ల లోపలికి దూరి ఆకు మీద కూర్చున్న పురుగును ఆకు మీదనే అందుకుంటుంది.

ఫోర్ట్ డ్రమ్‌లో జబ్బుకి ముందు, తరువాత రాత్రుళ్లు గబ్బిలాల కూతలను రికార్డు చేసి పోల్చారు. లిటిల్ బ్రౌన్ తగ్గాక, దెబ్బ తగలని జాతుల్లో కొన్ని తమ పాత హద్దులు సడలించి అది వదిలిన వేళల్లోకి, చోట్లలోకి జరిగాయి. కెంటకీలోని మామత్ కేవ్ జాతీయ ఉద్యానవనంలో వలలు కట్టి పట్టి చూస్తే, ఒకప్పుడు ఎక్కువగా చిక్కిన నార్తర్న్ లాంగ్ ఇయర్డ్ అరుదైపోయింది. ఈవెనింగ్ బ్యాట్, బిగ్ బ్రౌన్ పెరిగాయి. ఈవెనింగ్ బ్యాట్ గుహల్లో పడుకోదు. చలికాలపు పడక సూత్రం ఇక్కడా అదే.

దీన్ని చూసి ఒకటి పోతే ఇంకొకటి వచ్చింది, సరిపోయింది అనుకోకూడదు. పెంకు పురుగులు తినే గబ్బిలం నీటి దోమలను అదే మోతాదులో తినదు. ఆకు మీది పురుగును ఏరుకునే పనిని ఆరుబయట ఎగిరే జాతి చేయలేదు. 2024లో వెలువడిన ఒక ఆర్థిక అధ్యయనం దీని పర్యవసానాన్ని పొలాల దాకా పట్టుకుంది. జబ్బు వల్ల గబ్బిలాలు చచ్చిపోయిన కౌంటీల్లో రైతులు పురుగుమందుల వాడకం సుమారు 31 శాతం పెంచారు. అవే కౌంటీల్లో పసికందుల మరణాలు దాదాపు 8 శాతం పెరిగాయి. ఖాళీ నిజంగా నిండి ఉంటే ఆ పురుగుమందు అవసరం వచ్చేది కాదు.

పైగా ఖాళీలోకి వచ్చిన జాతులు కూడా క్షేమంగా లేవు. తెల్లముక్కు జబ్బు తప్పించుకున్న హోరీ, రెడ్, సిల్వర్ హెయిర్డ్ జాతులే గాలిమరల రెక్కలకు ఎక్కువగా బలవుతున్నాయి. గుహ గబ్బిలాలను బూజు, చెట్టు గబ్బిలాలను గాలిమర ఒకేసారి తగ్గిస్తున్నప్పుడు సముదాయంలో ఒకరి లోటు మరొకరు పూడ్చడం ఎంతకాలం సాగుతుంది?

మిగిలినవి పాతవేనా

బతికి బట్టకట్టిన లిటిల్ బ్రౌన్ గబ్బిలాలు యాదృచ్ఛికంగా మిగలలేదు. జబ్బు తరువాత కొన్నేళ్లకు చలికాలం మొదట్లో తూచి చూస్తే, నిలిచిన గుంపుల్లో గబ్బిలాలు పూర్వం కంటే ఎక్కువ కొవ్వుతో ఉన్నాయి. మిషిగన్‌లో చచ్చినవాటి జన్యువులనూ, బతికినవాటి జన్యువులనూ పోలిస్తే తేడాలు కనిపించాయి. ఇంకొన్ని గుంపుల్లో బూజు పెరుగుదలే కొంత నెమ్మదించింది. అంటే ఇరవై ఏళ్ల క్రితం అదే గుహలో ఉన్న లిటిల్ బ్రౌన్, ఇప్పటి లిటిల్ బ్రౌన్ పేరుకి ఒకటే, అలవాట్లలో, ఒంట్లో కొంత వేరు.

అయితే అలవాటు మారని చోటు కూడా ఒకటుంది. మిషిగన్, విస్కాన్సిన్‌లలో వెచ్చటి స్థావరాల్లో చావులు ఎక్కువని తేలినా, గబ్బిలాల్లో చాలా భాగం ఏటా ఆ వెచ్చటి చోట్లనే ఎంచుకుంటున్నాయని 2021లో బయటపడింది. తరతరాలుగా వెచ్చటి చోటు అంటే కొవ్వు ఆదా. బూజు వచ్చాక అదే చోటు ఉరి అయింది. పెన్సిల్వేనియాలో అందుకే కొన్ని పాత గనుల్లో, సొరంగాల్లో చల్లటి గాలి లోపలికి వచ్చేలా దారులు మార్చి ఉష్ణోగ్రత దించుతున్నారు. గబ్బిలాలకు టీకా, బూజును అణచే బాక్టీరియా, అతినీలలోహిత కాంతి కూడా ప్రయత్నిస్తున్నారు. ఆ కాంతితో పాడైన డీఎన్‌ఏను బాగుచేసుకునే ఒక ఎంజైము ఈ బూజుకి లేదు. చల్లదనం మార్గానికి ఉన్న బలమేమిటంటే, గబ్బిలాన్ని చేత్తో పట్టుకోకుండానే గుహ మొత్తానికి పనిచేస్తుంది.

కోలుకోవడం ఎంత నెమ్మదో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఆడ లిటిల్ బ్రౌన్ ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. వెయ్యి ఉన్న గుంపు 50కి పడిపోయిందనుకుందాం. ఏటా 5 శాతం పెరిగినా మళ్లీ వెయ్యి కావడానికి 61 ఏళ్లకు పైగా పడుతుంది. 8 శాతం పెరిగితే 39 ఏళ్లు.

గుహలు చూడబోయే తెలుగువాళ్లకు

ఆల్బనీ దగ్గరి హౌ కావర్న్స్, వర్జీనియాలోని లూరే, కెంటకీలోని మామత్ కేవ్ వంటివి అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు, వాళ్లను చూడడానికి ఇక్కడినుంచి వెళ్లే అమ్మానాన్నలకు పరిచయమైన చోట్లే. సిద్ధబీజాలు బూట్ల బురదలో, బట్టల మడతల్లో, కెమెరా సంచిలో ఎంత దూరమైనా ప్రయాణం చేస్తాయి. 2016లో వాషింగ్టన్ రాష్ట్రంలో జబ్బు బయటపడినప్పుడు, అప్పటికే జబ్బు ఉన్న స్థావరాల్లో దానికి అన్నిటికంటే దగ్గరిది కూడా 2,000 కిలోమీటర్ల అవతల ఉంది. ఒక గుహకి వేసుకున్న బూట్లు, బట్టలు, సంచి మరో గుహకి వేసుకోవద్దు. తప్పనిసరైతే ముందు బురద పూర్తిగా గీకి, బట్టల్నీ తడిస్తే పాడవని సామానునూ కనీసం 55 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ముంచి ఉంచాలి. నీళ్లు మధ్యలో చల్లారిపోవడమే ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు, థర్మామీటరు పెట్టి చూసుకోవాలి. బయటికొచ్చే దారిలో బూట్లు శుభ్రం కావడానికి తడి చాప పరిచి ఉంటే దాటేయకుండా దాని మీద నిదానంగా నడవాలి. ఇంటి అటకలో గబ్బిలాలుంటే పిల్లలు ఎగరలేని జూన్, జూలై నెలల్లో దారులు మూయొద్దు. మూస్తే తల్లులు బయట, పిల్లలు లోపల ఉండిపోయి చచ్చిపోతాయి.

లెక్కల్లో జరిగే పొరపాట్లు

ఒక ప్రాంతంలో గబ్బిలాల సముదాయం మారిందని చెప్పడం వినడానికి తేలిక, నిరూపించడం కష్టం. చలికాలం గుహలో లెక్కిస్తే అడుగు పెట్టిన ప్రతిసారీ గబ్బిలాలు ఉలిక్కిపడి లేస్తాయి, కొవ్వు ఖర్చవుతుంది. అందుకే సాధారణంగా రెండేళ్లకొకసారి, కొద్దిమందే, త్వరగా పని ముగించుకుని వచ్చేస్తారు. ఆ లెక్కలో కూడా పగుళ్లలో దాక్కునే నార్తర్న్ లాంగ్ ఇయర్డ్ సరిగా కనబడదు. జబ్బుకి ముందే దాని సంఖ్య తక్కువగా నమోదైంది కాబట్టి, పోయింది ఎంతో తెలియాలంటే వేసవి వలల లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి.

వేసవిలో గబ్బిలాల కూతలను పట్టి నమోదు చేసే బ్యాట్ డిటెక్టర్లు పెడతారు. ఉత్తర అమెరికా అంతటా వాడే పద్ధతిలో నేలను 10 కిలోమీటర్ల చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరంలో 2 నుంచి 4 చోట్ల కనీసం 4 రాత్రులు డిటెక్టర్ ఉంచుతారు. దీంతో పాటు కారు మీద మైకు బిగించి 25 నుంచి 48 కిలోమీటర్ల దారిలో గంటకు 32 కిలోమీటర్ల వేగంతో పోతారు. అంత వేగం ఎందుకంటే, అంతకంటే నెమ్మదిగా పోతే ఒకే గబ్బిలం వెంట వచ్చి రెండుసార్లు నమోదవుతుంది. ఒకచోట నిలిపిన డిటెక్టర్‌తో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. నలభై కూతలు అంటే నలభై గబ్బిలాలా, ఒకే గబ్బిలం నలభై చుట్లా అన్నది అది చెప్పలేదు. చెప్పేది సందడిని, సంఖ్యను కాదు.

శాతాల దగ్గర ఎక్కువమంది జారిపడతారు. ఒక చెరువు మీద రాత్రికి 500 కూతలు, అందులో 350 లిటిల్ బ్రౌన్‌వి, 100 బిగ్ బ్రౌన్‌వి, 50 మిగతావాటివి అనుకుందాం. లిటిల్ బ్రౌన్ 35కి పడిపోయి మిగతావి అలాగే ఉంటే మొత్తం 185. బిగ్ బ్రౌన్ వాటా 20 శాతం నుంచి 54 శాతానికి ఎగబాకింది. ఒక్క బిగ్ బ్రౌన్ కూడా పెరగలేదు. కాబట్టి ఫలానా జాతి పెరిగిందని ఎక్కడైనా చదివితే, పెరిగింది వాటానా, సంఖ్యా అని ముందు చూసుకోవాలి.

ఇంకోటి సాఫ్ట్‌వేర్ తప్పులు. కూతలను బట్టి జాతిని పోల్చే ప్రోగ్రాము, రెడ్ బ్యాట్ కూతల్లో నూటికి మూడింటిని లిటిల్ బ్రౌన్‌గా పొరబడుతుందనుకోండి. రెడ్ కూతలు వెయ్యి ఉంటే 30 దొంగ లిటిల్ బ్రౌన్‌లు. అసలువి 2,000 ఉన్న రోజుల్లో ఈ 30 లెక్కలోకి రావు. అసలువి 20కి పడిపోయాక, దొరికిన 50లో 30 అబద్ధం. జాతి అరుదయ్యేకొద్దీ తప్పు పెద్దదవుతుంది, పైగా ఆ తప్పు జాతి ఇంకా ఉన్నట్టు చూపించే వైపే ఉంటుంది. అందుకే అరుదైన జాతి అని యంత్రం చెప్పిన ప్రతి కూతనూ అనుభవం ఉన్న మనిషి తెరమీద చూసి ఒప్పుకోవాలి.

వరసగా మూడు నాలుగు సార్లు సున్నా వచ్చిన గుహను డబ్బు, సమయం వృథా అని జాబితాలోంచి తీసేయడం అన్నిటికంటే పెద్ద నష్టం. అలా తీసేస్తే మిగిలిన గుహల సగటు దానంతటదే బాగున్నట్టు కనబడుతుంది. పైగా చల్లటి గుహలవైపు జరిగిన కొత్త గుంపు ఏదైనా అయిదేళ్ల తరువాత ఆ ఖాళీ గుహకే చేరితే, ఆ సంగతి రాసిపెట్టడానికి అక్కడ ఎవరూ ఉండరు.